ఈ చేను ఎవరిది

మే 4

ఇవాళ ఒక కాగితం మీద నా పేరూ గంజాయి అన్న మాటా పక్కపక్కనే రాశారు. కింద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మసీదు బడిలో నేర్చిన అక్షరాలు ఇంకా చేతికి వస్తున్నాయి. సంఘం ఆఫీసులో అందరూ నవ్వుతూనే ఉన్నారు. అంత నవ్వడం దేనికో.

ఈ రిఫ్ కొండల్లో మా తాత ఇదే పండించాడు. నాన్న ఇదే, నేనూ ఇదే. ఎవ్వరమూ ఆ మాట నోటితో అనలేదు. పంట అనేవాళ్లం. జీపు చప్పుడు వినిపిస్తే అదీ అనేవాళ్లం కాదు. ఇప్పుడు సర్కారు చట్టం చేసిందట. అనుమతి తీసుకుని, సహకార సంఘంలో చేరి, మందుల కంపెనీకి పండించుకోవచ్చట. డెబ్బై రెండేళ్ల వయసులో మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టుంది.

ఎందుకు సంతకం పెట్టానో రాసి పెట్టుకోవాలి, తర్వాత నాకే అర్థం కాకుండా పోతుంది. ఒక్కసారి పట్టపగలు, గాడిద మీద పంట వేసుకుని, రోడ్డు మీదుగా సంత ఊరికి దిగాలి. అదేమిటని ఎవరైనా అడిగితే చెప్పాలి. అంతే.

మే 5

పొద్దున్నే గుర్తొచ్చింది. వాళ్ల దగ్గర ఇప్పుడు నా పేరుంది.

మే 11

అల్లాల్ వచ్చాడు. మా చెల్లెలు తామో మొగుడు. అతని చేనూ నా చేనూ ఒకే గట్టుకి అటూ ఇటూ. సంఘంలో చేరలేదు. చేరలేడు కూడా. ఇరవై ఏళ్ల కిందట ఎవరో పేరు లేని ఉత్తరం రాస్తే అతని మీద వారంటు వచ్చింది. అప్పటినుంచి రోడ్డు మీదకు దిగలేదు. గుర్తింపు కార్డు లేదు, ఆస్పత్రి లేదు, సంత లేదు. పన్ను నొప్పి వస్తే తామోయే దారం కట్టి లాగింది.

"ఏం బావా, సర్కారుతో వియ్యమందావట?"

"సంతకం పెట్టాను."

"నవ్వుతూ పెట్టించుకున్నారా?"

"నవ్వారు."

"వేటగాడు గింజలు చల్లేటప్పుడు నవ్వుమొహంతోనే చల్లుతాడు బావా. పిట్ట వంక చూసి పళ్లు కొరికేవాడు ఎవడైనా ఉంటాడా?"

పుదీనా టీ పోశాను. మూడు గ్లాసులు తాగాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, "నీ మంచికే అంటున్నా. వరసలో ముందు నిలబడ్డవాడి తలే ముందు లెక్కకొస్తుంది," అన్నాడు.

నా మంచి కోరి అన్నాడా, తనకు దొరకనిది నాకు దొరికిందని అన్నాడా?

మే 20

నారు వచ్చింది. సంఘంలో పనిచేసే హస్నా అనే అమ్మాయి వ్యాన్‌లో తెచ్చింది. వ్యవసాయం చదివిందట. చేతి గోళ్లలో మాత్రం మట్టి ఉంది, అది కాస్త నమ్మకంగా అనిపించింది. నారు ఖరీదు ఇప్పుడు ఇవ్వక్కర్లేదట, పంట కోశాక పట్టుకుంటారట. ఆకు నలిపి వాసన చూశాను. మన మొక్క వాసన కాదు. చక్కెర వేసిన మందులాగా ఉంది.

ప్రతి మొక్కకీ పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ల కట్టింది, దాని మీద అంకెలు.

"ఈ బిళ్లలు తీయకండి పెదనాన్నా."

"ఎందుకమ్మా ఇవి?"

"ఏ మొక్క ఎవరిదో తెలియాలి కదా."

"తెలిస్తే?"

"తెలిస్తే మంచిదేగా!"

నా జన్మలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. తర్వాత ఫోను తీసి చేనుని ఫొటో తీసింది, నన్ను తీసింది, నా చేతుల్ని విడిగా తీసింది. చేతులెందుకని అడగాల్సింది.

గట్టు అవతల అల్లాల్ అంతా చూశాడు. ఆ వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అంజూరం చెట్టు వెనకే నక్కి ఉన్నాడు. పోయాక కేక పెట్టాడు.

"మేకకి గంట, మొక్కకి బిళ్ల! ఇంక మిగిలింది నీ మెడే బావా!"

జూన్ 2

కాలవలో అడ్డంగా పెట్టిన రాయి జరిగింది. నేను పెట్టిన చోట లేదు. ఆ వైపుకి వెళ్లేది ఇద్దరమే.

తామో ఎప్పటిలాగే చిక్కుడుపప్పు జావా, బార్లీ రొట్టే తెచ్చింది. "అన్నా, నువ్వు నీళ్లు మరీ ఎక్కువ పెడుతున్నావంటున్నారు ఆయన. వేరు కుళ్లిపోతుందట."

నేను ఎంత నీరు పెడుతున్నానో ఆయనకెలా తెలుసు?

జూన్ 15

నిన్న మధ్యాహ్నం నేను నమాజుకి వెళ్లినప్పుడు చేనులో ఎవరో తిరిగారు. అడుగులున్నాయి. కుక్క మొరగలేదు. అంటే తెలిసినవాడే.

జూన్ 16

బిళ్లలన్నీ చూసుకున్నాను. ఒక్క మొక్కా పోలేదు. ఏమీ పోకపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

జూన్ 28

హస్నా వచ్చి మొక్కలు బాగున్నాయంది. మూడుసార్లు అంది. ఒకసారి అంటే నమ్మేవాణ్ణి.

జూలై 3

చేను దగ్గరకు ఎవరో ఇద్దరు వచ్చారు. బూట్లు వేసుకున్నారు. ఏదో అడిగారు. ఏదో చెప్పాను. వెళ్లిపోయారు. ఎండ ఎక్కువగా ఉంది.

జూలై 19

చాలా చెడ్డరోజు.

ఊళ్లో సర్కారు తరఫు మనిషి బూష్తా. పుట్టినా చచ్చినా అతనే రాసుకుపోతాడు. ఇవాళ నా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యాషీ, నీ అనుమతి ఆపేశారు."

"ఎందుకు?"

"చేను నీది కాదట. తనిఖీవాళ్లకి ఎవరో చెప్పారు."

"ఎవరు?"

కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. "'స్థానికుడు ఒకడు' అని రాసి ఉంది."

"నువ్వే కదా నాదని రాసిచ్చావు, బూష్తా."

"రాసిచ్చాను. ఇప్పుడు నా మాట చాలదట. నీ దగ్గర దస్తావేజుందా?"

ఈ కొండ మీద ఎవరి దగ్గర దస్తావేజుంది? తాత చూపించాడు, నాన్న దున్నాడు, నేను దున్నుతున్నాను. బూష్తాకి తెలియదా?

"అయితే పన్నెండు మందిని తెచ్చుకో," అన్నాడు. "పన్నెండు మంది మగవాళ్లు సంత ఊళ్లో దస్తావేజులు రాసే అదుల్ ముందు నిలబడి ఈ చేను అయ్యాషిదే అని చెప్పాలి. ఆయన రాసి ముద్ర వేస్తాడు. సెప్టెంబర్ పద్నాలుగు దాకా గడువు. లేకపోతే పీకేస్తారు."

స్థానికుడు ఒకడు. గట్టు అవతల ఉన్నది ఒక్కడే.

జూలై 21

శుక్రవారం. నమాజయ్యాక మసీదు బయట చెప్పులు వేసుకుంటుంటే అల్లాల్ పక్కకి వచ్చాడు. "చేను సంగతి విన్నాను బావా," అన్నాడు.

నేను పదిమందిలో మాట్లాడేవాణ్ణి కాదు. ఇవాళ మాట్లాడాను. "వినడం ఎందుకు? చెప్పింది నువ్వేగా. నీ మీద ఉత్తరం రాసినవాడిని ఇరవై ఏళ్లు తిట్టావు. ఇప్పుడు నువ్వే రాయడం నేర్చావు," అన్నాను.

అందరూ ఆగిపోయారు. అల్లాల్ రెండో చెప్పు చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు రాయడం రాదు, బావా," అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

రాయడం రాకపోతే చెప్పడం రాదా?

జూలై 22

రొట్టె రాలేదు.

జూలై 30

రొట్టె రాలేదు. నేనే కాల్చుకున్నాను. ఒక పక్క మాడింది.

మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. వాసన ఇప్పుడు కొంచెం మన వాసనలాగే ఉంది. లేదా నాకు అలవాటైంది.

ఆగస్టు 8

హస్నా తనిఖీవాళ్ల కాగితం నకలు తెచ్చింది. నా గుమ్మంలో కూర్చుని, "చేను మీది కాదని చెప్పింది ఎవరో తెలిసింది," అంది.

"నాకు ముందే తెలుసమ్మా."

"తెలుసా! మరి ఎందుకు చెప్పారు?"

నాకర్థం కాలేదు. చదవమన్నాను. చదివింది. నాకు గుర్తున్నంత వరకు ఇలా ఉంది.

చేనులో పార పట్టుకుని కలుపు తీస్తున్న తెల్లగడ్డం వృద్ధుణ్ణి ఈ చేను ఎవరిదని అడగగా, నాకు తెలియదు బాబూ, మేక తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చాను అన్నాడు. చుట్టుపక్కల మేక కనబడలేదు.

"మీకు మేకలున్నాయా పెదనాన్నా?"

"లేవు."

ఆమెకి నవ్వొచ్చింది. నా మొహం చూసి ఆపుకుంది. "వాళ్లు మీకు ముద్ర వేసి ఇవ్వడానికి వచ్చినవాళ్లు. నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకన్నారు అలా?"

చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటాను. బూట్లు కనబడ్డాయి. నోరు దానంతట అదే అనేసింది. బూట్లు కనబడితే చేను ఎవరిదీ కాదు. మా నాన్న నాకు నమాజు కంటే ముందు ఆ మాటే నేర్పాడు. పార చేతిలో ఉంటే పార కూడా నీది కాదు అనేవాడు.

అయినా ఆ బూట్లవాళ్లకి చేను దాకా దారి చూపించింది ఎవరు? అది ఇంకా తేలలేదు.

ఆగస్టు 9

దారి నా దరఖాస్తులోనే ఉందట. ఫొటోతో సహా. హస్నా ఫోన్ చేసి చెప్పింది. నేను అడగకపోయినా బాగుండేది.

ఆగస్టు 17

సాక్షుల కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఈ కొండ మీద మగవాళ్లకేం తక్కువ లేదు. కానీ కార్డుండి వారంటు లేనివాడు కావాలి. తిరిగి తిరిగి తేలింది పదకొండు మంది. అందులో మఫద్దల్‌కి చెవుడు.

ఏ ఇంట్లోనూ వెంటనే ఒప్పుకోలేదు. తలుపు సగమే తీసి, "ఏ చేను?" అని అడిగారు. నా చేనుని చిన్నప్పటినుంచి చూసినవాళ్లు. వాళ్లని అనడానికి నాకు నోరెక్కడిది?

ఆగస్టు 25

హస్నా పదకొండు మందినీ మసీదు అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"అదుల్ అడుగుతాడు, ఈ చేను ఎవరిది అని. మీరేమంటారు?"

ఒకడు ఆకాశం చూశాడు, ఒకడు గోళ్లు చూసుకున్నాడు.

"అయ్యాషిది అనాలి, బాబాయిలూ. ఒక్క మాట!"

"అనొచ్చు గానీ, అన్నాక మనల్ని ఏమీ అనరు కదా?" అన్నాడు ఒకడు.

మఫద్దల్ గట్టిగా అరిచాడు. "ఏమంటోందిరా పిల్ల? పెళ్లా? ఎవరిది?"

సాయంత్రానికి ఏడుగురు నేర్చుకున్నారు. మిగతా నలుగురు రేపు వస్తామన్నారు.

సెప్టెంబర్ 1

పన్నెండోవాడు దొరకలేదు. పక్క కొండ వాళ్లని అడిగాను. నీ చేను మాకేం తెలుసన్నారు. అది మాత్రం నిజమే.

తామో వాళ్ల ఇంటి దాకా వెళ్లాను. అల్లాల్‌ని సాక్షిగా అడగడానికి కాదు, అతను ఎలాగూ రాలేడు. ఊరికే వెళ్లాను. లోపల దగ్గు వినబడింది. చెప్పు తెగింది, అందుకని తిరిగొచ్చాను.

సెప్టెంబర్ 10

పూత కట్టింది. మొక్క తల బరువుకి వంగుతోంది. హస్నా భూతద్దం పెట్టి చూసి ఇంకో రెండు వారాల్లో కోత అంది. ఇంత మంచి పంట నా చేతి కింద ఎప్పుడూ రాలేదు. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 13

చెప్పు బాగానే ఉంది. అది తెగలేదు.

సెప్టెంబర్ 14

మొత్తం రాయాలి.

పొద్దున్నే పదకొండు మందీ, నాతో పన్నెండు, సంఘం వ్యాన్‌లో సంత ఊరికి దిగాం. హస్నా ముందు కూర్చుంది. అదుల్ గది కచేరీ ఆవరణలోనే ఉంది. గుమ్మం పక్కన బెంచీ మీద ఒక పోలీసు టీ తాగుతున్నాడు. వాణ్ణి చూసి మనవాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కోబోయారు. వరసగా నిలబెట్టేసరికి హస్నాకి చెమటలు పట్టాయి.

అదుల్ మంచివాడిలాగే ఉన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, వరస లెక్కపెట్టి, "పన్నెండోవాడు?" అన్నాడు.

"వస్తున్నాడు," అంది హస్నా. ఎవరూ రావడం లేదని ఆమెకీ తెలుసు.

అప్పుడు గుమ్మంలోకి అల్లాల్ వచ్చాడు.

తెల్ల జెల్లాబా, పొడుగు అంగీ, వేసుకున్నాడు. తామోతో నిఖా నాటిది, పొట్ట దగ్గర బిగిసింది. గడ్డం గీయించుకున్నాడు. కాళ్లకి మోకాళ్ల దాకా దుమ్ము. కొండ మీదనుంచి నడిచి వచ్చాడు. పోలీసు ముందునుంచే, అతని టీ గ్లాసు పక్కనుంచే నడిచి లోపలికి వచ్చి, మఫద్దల్ పక్కన వరసలో నిలబడ్డాడు. నావైపు చూడలేదు.

నాకు ముందు వచ్చిన ఆలోచన రాస్తున్నాను, సిగ్గుగానే ఉంది. దీనికి బదులు ఏమడుగుతాడు అనుకున్నాను.

అదుల్ ఒక్కొక్కరినీ పేరడిగాడు, కార్డు చూశాడు, చేను ఎవరిదని అడిగాడు. అయ్యాషిది, అయ్యాషిది. ఒకడిని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మఫద్దల్ ప్రశ్న అడగకముందే "అయ్యాషిది!" అని అరిచాడు. పదకొండూ అయ్యాయి. ఈ కొండ పుట్టిన తర్వాత సర్కారు ముందు ఆ మాట అన్నది ఇదే మొదలు.

"నీ పేరు?" అన్నాడు అదుల్, అల్లాల్‌ని.

అల్లాల్ గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఏ సర్కారు మనిషికీ చెప్పని పేరు. బయట పోలీసు గ్లాసు బెంచీ మీద పెట్టిన చప్పుడైంది. లోపలికి తొంగి చూస్తున్నాడు.

అల్లాల్ నోరు తెరిచాడు.

"ఈయనెవరో నాకు తెలీదయ్యా," అన్నాను. "మా ఊరివాడు కాదు."

అదుల్ మిగతావాళ్ల వైపు చూశాడు. పదకొండు మందీ ఒక్క గొంతుతో, ఎవరూ నేర్పకుండానే, ఒక్కడూ తడబడకుండా, "మాకూ తెలీదయ్యా," అన్నారు. మఫద్దల్ కూడా. అతనికి అది వినబడక్కర్లేదు.

"మరి ఇక్కడెందుకు నిలబడ్డావయ్యా?" అన్నాడు అదుల్.

అల్లాల్ అప్పుడు నావైపు చూశాడు. కోపమో మరేమిటో నాకు తెలియలేదు.

"మేక తప్పిపోయిందయ్యా," అన్నాడు.

"ఇదేమన్నా మేకల దొడ్డా? పో!"

పోలీసు పెద్దగా నవ్వాడు. అల్లాల్ అతని ముందునుంచే బయటికి నడిచాడు. నవ్వు ఆగేలోపల మలుపు తిరిగిపోయాడు.

పదకొండు మందితో రాయడం కుదరదన్నాడు అదుల్. హస్నా చాలాసేపు వాదించింది. ఆమెకి కళ్లలో నీళ్లొచ్చాయి. నాకు రాలేదు.

సెప్టెంబర్ 15

రొట్టె వచ్చింది. తామో గిన్నె పెట్టి నా తల మీద చెయ్యి వేసి వెళ్లింది. అన్నని నేను. అయినా వేసింది.

సెప్టెంబర్ 26

ఇవాళ పీకారు.

ఆ ఇద్దరే వచ్చారు, అవే బూట్లు. నలుగురు కూలీలని తెచ్చుకున్నారు. మొదటి మొక్క నేనే పీకాను, వేరే చెయ్యి పడకముందే. వేరు తెల్లగా ఉంది. కుళ్లలేదు. నీళ్ల గురించి అల్లాల్ చెప్పింది నేను వినే ఉంటాను, ఎప్పుడు విన్నానో తెలియదు.

బిళ్లలు కత్తిరించి సంచిలో వేసుకున్నారు. మొక్కలు కుప్ప పోసి సున్నం కలిపారు. అయ్యాక పెద్ద అధికారి అట్ట మీద కాగితం పెట్టి నా దగ్గరకు వచ్చాడు.

"పెద్దాయనా, ఇక్కడ సంతకం."

"ఏమిటిది?"

"పంట నాశనం చేసినట్టు కాగితం. యజమాని సంతకం పెట్టాలి."

"యజమాని ఎవరు?"

నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేగా."

"పన్నెండు మంది సాక్షులు కావాలి కదా?"

"నాశనం చేయడానికి సాక్షులెందుకు పెద్దాయనా? హద్దులు చెప్పు. పడమర?"

"వాగు."

"తూర్పు? ఆ గట్టు అవతల పచ్చగా ఉంది, అదెవరిది?"

"బంజరు," అన్నాను.

రాసుకున్నాడు. ముద్ర వేశాడు. నా ప్రతి నాకిచ్చి జీపెక్కాడు. అతను నవ్వలేదు. మొత్తం వ్యవహారంలో నవ్వకుండా సంతకం పెట్టించుకున్నది అతనొక్కడే.

హస్నా ఆ కాగితం లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. సున్నం కుప్ప పక్కన అలాగే కూలబడింది.

"పెదనాన్నా, ఈ చేను మీదని సర్కారే ముద్ర వేసి ఇచ్చింది. వచ్చే ఏడాది దరఖాస్తుకి దీన్నే జత చేద్దాం. ఎవడు కాదంటాడో చూద్దాం!"

"ఇందులో ఏదో మోసం ఉందమ్మా," అన్నాను.

"ఉంటే ఉండనీండి!"

ఎండ వాలాక అల్లాల్ వచ్చాడు. రెండు నెలల తర్వాత. చాప మీద కూర్చున్నాడు. టీ పోశాను. నేను చెప్పాల్సింది ఒకటుంది. మొదలుపెట్టబోయాను. అతను చెయ్యి ఊపి, "కాగితం చదువు బావా," అన్నాడు.

చదివాను. యజమాని: అయ్యాషి బిన్ హమ్మూ. ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. "హూఁ," అన్నాడు. పడమర వాగు, ఉత్తరం దారి, దక్షిణం కొండ. తూర్పు దగ్గర ఆగాను.

"తూర్పు ఏమని రాయించావు?"

"బంజరు."

గ్లాసు కింద పెట్టాడు. "బంజరా! ఇరవై ఏళ్లు వీపు మీద ఎరువు మోసి పోశాను. రాయి రాయీ ఏరి గట్టు కట్టాను. నీ చేను కంటే జానెడు ఎత్తు పెరుగుతుంది నా పంట. బంజరా?"

"మరేం చెయ్యమంటావు? నీ పేరు చెప్పమంటావా?"

గ్లాసు మళ్లీ తీసుకుని అడుగున ఉన్న పుదీనా ఆకు నమిలాడు.

"బంజరే ఉండనీ," అన్నాడు చివరికి. "కానీ మంచి బంజరు అని రాయించాల్సింది, బావా."